వ్యాపారము పెట్టుటకు ముందు



మన జివతి కొండలలో కందులు పండించి గింజగా అమ్మి, పప్పును అంగడిలో కొనువారు లేకపోలేదు. ఇచటనే పప్పుమిల్లు పెట్టరాదా యని కొందరు యువకుల యోచన. యోచన మంచిదే, యంత్రము కొనుటకు ముందు మూడు లెక్కలు వేసికొనవలెను.

మొదటిది కాలము. కందుల కోత పుష్యమాఘములలో; తక్కిన నెలలలో మిల్లుకు పనియేమి? రెండవది అరువు. ప్రత్తి డబ్బు చేతికి వచ్చువరకు ఊరివారికి అరువీయక తప్పదు. అంతవరకు మన ఇల్లు గడుచుటెట్లు? మూడవది అప్పు. 2015లో ఆరంభమైన ముద్రా పథకము క్రింద తాకట్టు లేకయే బ్యాంకు అప్పు దొరకును. తాకట్టు లేకున్నను వాయిదా తప్పదు.

మనకొక సొంత పెట్టుబడియు గలదు. మన ప్రాంతమున్న రాజురా తాలూకా 1956లో హైదరాబాదు రాష్ట్రమునుండి బొంబాయి రాష్ట్రమున చేరినది. నాటినుండి కచేరీలో మరాఠీ, ఇంట తెలుగు మనకు అలవాటైనవి. కావున చంద్రపురము అంగడిలోను, ఆసిఫాబాదు అంగడిలోను బేరము చేయగలము.

ముందుగా రెండు బస్తాల కందులు తిరుగలిలో విసరి అమ్మి చూడుడు. కొన్నవారు మరల వచ్చి, లెక్క కుదిరినచో మిల్లు పెట్టుడు. కుదరనిచో ఆగుటయే వివేకము.