టర్బో కారులో స్పార్క్ ప్లగ్గులు: ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

(పుణెలో మన సభ్యుల ఉగాది సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయ్యాక ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను పురమాయించారు. నాకు సాహిత్యం రాదు, వర్క్‌షాపు వచ్చు. రాశిఫలాల్లో ఎవరికి వాహన గండం ఉందో పంతులుగారు చెప్పేశారు. నేను బోనెట్ కింద ఉండే ఒక చిన్న గండం గురించి చెబుతాను.

ఇప్పుడు మనలో చాలామంది క్యాంటీన్ ద్వారా కొంటున్న చిన్న పెట్రోలు కార్లలో టర్బో ఇంజన్లు వస్తున్నాయి. ఒక లీటరు, మూడు సిలిండర్లు, కానీ పికప్ చూస్తే పెద్ద ఇంజన్లా ఉంటుంది. డీజిల్ బండి ఉన్నవాళ్ళు కంగారు పడవద్దు. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. అందులో ఉండేది హీటర్ ప్లగ్గు, దాని కథ వేరు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. సికిందరాబాదు ఈఎంఈ సెంటర్లో రంగరూటుగా చేరిన నాటినుంచి పెన్షన్ వచ్చేదాకా బళ్ళతోనే బతికాను. జోంగాలు చూసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఆరు సిలిండర్లు, ఆరు ప్లగ్గులు. మిస్సింగ్ వస్తే ప్లగ్గు విప్పేవాళ్ళం, మసి గీకేవాళ్ళం, ఫీలర్ గేజ్ పెట్టి గ్యాప్ సరిచేసి మళ్ళీ బిగించేవాళ్ళం. బండి నడిచేది. ఆ అలవాటు చేతిలోనే ఉండిపోయింది.

నా టర్బో కారు పుస్తకంలో 40 వేల కిలోమీటర్లకు ప్లగ్గులు మార్చమని ఉంది. 40 వేలకు నేనే ఒక ప్లగ్గు విప్పి చూశాను. రంగు బాగానే ఉంది. బ్రష్షుతో తుడిచి, "ఇంకా బోలెడు కాలం వస్తుంది" అనుకుని బిగించేశాను. మిగతా రెండూ విప్పనే లేదు.

పోయిన సంక్రాంతికి ఊరికి బయలుదేరాం. మనందరికీ తెలిసిన దారే. ఈ పుణె దగ్గర మొదలయ్యే 65వ నంబరు జాతీయ రహదారి సోలాపూర్, హైదరాబాదు, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. అప్పటికి మీటరు 58 వేలు చూపిస్తోంది. వెనక సీట్లో మా ఆవిడ, ఆవిడ ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది. సోలాపూర్ దాటాం, నల్దుర్గ్ దాటాం. అది చెరకు సీజను. ముందు ఒక ట్రాక్టరు రెండు ట్రాలీల చెరకు లాగుతోంది. దాన్ని దాటడానికి కుడి లేనులోకి వచ్చి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాను.

బండి లేవలేదు. కుదుపు, మళ్ళీ కుదుపు. ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం మిణుకుమిణుకుమంటోంది. పక్కన చెరకు ట్రాలీలు, అద్దంలో హారన్ కొడుతూ దూసుకొస్తున్న బస్సు. "ఏమండీ, ఏమైంది?" అంటోంది మా ఆవిడ. ఏమీ లేదని చెప్పడానికి నోరు రాలేదు. కాలు తీసేసి, ఇండికేటరు వేసి, ట్రాక్టరు వెనక్కి ఎలాగో దూరాను. బస్సు పక్కనుంచి వెళ్ళిన గాలికి బండి ఊగింది. అది నాలుగైదు సెకన్ల సంగతి.

రోడ్డు పక్కన ఆపి చూస్తే, ఐడ్లింగ్‌లో బండి చక్కగా ఉంది! కాలు వత్తకుండా మెల్లగా నడిపిస్తే మిస్సింగ్ లేదు. అలాగే ఉమర్గా చేరాం. అక్కడి మెకానిక్ కుర్రాడు బోనెట్ తెరిచి, చేయి పెట్టి చూసి, "సాబ్, రెండు గంటలు చల్లారనివ్వండి. వేడిమీద ప్లగ్గు ముట్టను" అన్నాడు. అప్పుడే అతని మీద గౌరవం కలిగింది. చల్లారాక విప్పితే, 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాల్సిన గ్యాప్ మూడో సిలిండరులో 1.1 దాటింది. కొన అరిగి గుండ్రంగా అయింది. ఆ సైజు ప్లగ్గులు ఆ ఊళ్ళో లేవు. మర్నాడు పొద్దున సోలాపూర్ నుంచి బస్సులో తెప్పించారు. ఆ మూడు ప్లగ్గుల ఖరీదు మేము ఆ రాత్రి ఉన్న లాడ్జి అద్దెకంటే తక్కువ. "ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నీ బాగుచేశారు, మన బండి దగ్గరికొచ్చేసరికి పొదుపు చేశారు" అంది మా ఆవిడ. నాకు జవాబు లేదు.

ఇంతకీ ఐడ్లింగ్‌లో బాగున్న బండి ఎక్కేచోట ఎందుకు మొరాయించింది? అసలు సంగతి ఇక్కడే ఉంది. టర్బో బయటి గాలిని నొక్కి సిలిండర్లోకి పంపుతుంది. గాలి ఎంత చిక్కగా ఉంటే నిప్పురవ్వ దాన్ని దాటడం అంత కష్టం. గ్యాప్ పెరిగినా అంతే. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు ఈ రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి. 30 వేల వోల్టులు దాటి అవసరం కావచ్చు. కాయిల్ అంత ఇవ్వలేకపోతే రవ్వ ఆరిపోతుంది, లేదా పింగాణీ పక్కనుంచి దొంగదారి వెతుక్కుంటుంది. అందుకే టర్బో బళ్ళలో గ్యాప్ తక్కువ పెడతారు. మామూలు ఇంజన్లలో ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల ఉండేది వీటిలో తరచు 0.6 నుంచి 0.8 ఉంటుంది. అంటే, అరిగిన ప్లగ్గు ఇంటి ముందు ఆపి ఉన్నప్పుడు బయటపడదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడే బయటపడుతుంది.

ఎప్పుడు మార్చాలి? మొదటి మాట, మీ బండి పుస్తకం చూడండి. అదే స్టాండింగ్ ఆర్డర్. స్థూలంగా చెప్పాలంటే నికెల్ కొన ప్లగ్గులు 30 నుంచి 40 వేల కిలోమీటర్లు, ప్లాటినం, ఇరిడియం ప్లగ్గులు 60 వేల నుంచి లక్ష దాకా వస్తాయి. టర్బో బండికి ఈ లెక్కల్లో కింది అంకెనే పట్టుకోండి. పుస్తకంలో కిలోమీటర్లతోపాటు సంవత్సరాలు కూడా రాసి ఉంటే ఏది ముందు వస్తే దానికి మార్చాలి. కంటోన్మెంటు లోపలే తిరిగే బండి తక్కువ నడిచినా, ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోవడం వల్ల ప్లగ్గుకు మసి పడుతుంది.

కుదుపు, పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం, పొద్దున స్టార్టింగ్ కష్టం కావడం, ఇవి ఆలస్యంగా వచ్చే గుర్తులు. ఇంజన్ దీపం మిణుకుమంటే వెంటనే కాలు తేలిక చెయ్యండి, వీలైనచోట ఆపండి. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో ఉన్న కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. అది పాడైతే ఖర్చు ప్లగ్గుల ఖర్చులా ఉండదు.

ఏ ప్లగ్గు వెయ్యాలి? పుస్తకంలో ఉన్న నంబరే. "ఇది కూడా సరిపోతుంది సార్" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. మర ఒకటే అయినా వేడి తట్టుకునే రకం వేరుగా ఉంటుంది. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే తన మసిని తాను కాల్చుకుంటుంది. 850 దాటి పోతే అదే నిప్పుకణికై, రవ్వ పడకముందే పెట్రోలును అంటిస్తుంది. టర్బో ఇంజన్ వేడి ఎక్కువ కాబట్టి వేడిని త్వరగా వదిలే 'కోల్డ్' ప్లగ్గు వేస్తారు. ఇక్కడ ఒక తిరకాసుంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల మీద అంకె పెరిగితే కోల్డ్ అని అర్థం. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే హాట్ అని అర్థం. బ్రాండు మార్చి అంకె మాత్రం చూసి కొంటే బోల్తా పడతాం. నకిలీలు కూడా ఉన్నాయి, బిల్లు ఉన్నచోటే కొనండి.

ఎలా మార్చాలి? బండి వారంటీలో ఉంటే సర్వీసు సెంటరుకే ఇవ్వండి, పాత ప్లగ్గులు డబ్బాలో పెట్టి ఇమ్మని అడిగి తీసుకోండి. స్వయంగా చేసేవాళ్ళు ఈ వరస గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఇంజన్ పూర్తిగా చల్లారాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియం. వేడిమీద విప్పితే మరలు ఊడి వస్తాయి.

రెండు, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఒక్కో కాయిల్ క్లిప్పు నెమ్మదిగా విప్పండి. వైరు పట్టుకుని లాగవద్దు. పక్కనున్న పెట్రోలు పైపుల జోలికి పోవద్దు.

మూడు, కాయిల్ తీయగానే గుంటలో దుమ్ము గాలితో ఊదెయ్యండి. లేకపోతే ఆ ఇసుక సిలిండర్లోకి పోతుంది.

నాలుగు, సరైన ప్లగ్ పానా వాడండి. చాలా బళ్ళకు 16 మి.మీ., కొన్నిటికి 14. లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉండాలి. పానా వంకరగా పెడితే పింగాణీ చిట్లుతుంది. ఆ ముక్క ఊడితే ఎగ్జాస్ట్ దారిలో నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బో చక్రానికి తగలవచ్చు. కింద పడిన కొత్త ప్లగ్గును బిగించవద్దు.

అయిదు, కొత్త ప్లగ్గు గ్యాప్ చూడండి, కానీ ఇరిడియం కొనను ఫీలర్‌తో ఎత్తవద్దు, గీకవద్దు. దాని కొన అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, విరిగిపోతుంది. నాలాంటి జోంగా కాలంవాళ్ళు మానుకోవలసిన అలవాటు ఇదే.

ఆరు, ముందు చేత్తోనే తిప్పండి. మర పట్టినట్టు చేతికి తెలుస్తుంది. పట్టకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. చివర టార్క్ రెంచ్. వాషరున్న ప్లగ్గు అయితే అల్యూమినియం హెడ్‌లో 14 మి.మీ. మరకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. మరకు 15 నుంచి 20. పుస్తకంలో వేరే అంకె ఉంటే పుస్తకమే శాసనం. పూత ఉన్న మరలకు గ్రీజు గానీ యాంటీ సీజ్ గానీ రాయవద్దు. జారుడువల్ల రెంచ్ చెప్పినదానికంటే ఎక్కువ బిగుస్తుంది.

ఏడు, మూడుంటే మూడూ, నాలుగుంటే నాలుగూ ఒకేసారి మార్చండి.

పాత ప్లగ్గులను పారేయకండి, సిలిండరు వరసలో పెట్టి చూడండి. లేత గోధుమ రంగుంటే ఇంజన్ ఆరోగ్యం. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా బండి మరీ దగ్గర దూరాలే తిరుగుతోంది. ఆయిలుతో తడిసి ఉంటే రింగులు, వాల్వు సీళ్ళు, టర్బో సీలు చూపించాలి. తెల్లగా బొబ్బలెక్కి ఉంటే ఇంజన్ అతిగా వేడెక్కుతోంది. అలాంటప్పుడు కొత్త ప్లగ్గు వేసినంత మాత్రాన పని అయిపోదు.

మిత్రులారా, యూనిట్‌లో ఉన్నప్పుడు ఫస్ట్ పరేడ్, హాల్ట్ పరేడ్, లాస్ట్ పరేడ్ చెయ్యకుండా బండి కదలనిచ్చామా? బండి బాగానే నడుస్తోంది కదా అని ఎవరైనా డ్రైవరు అంటే ఊరుకున్నామా? సొంత బండి దగ్గరికి వచ్చేసరికి ఆ క్రమశిక్షణ గేటు దగ్గరే వదిలేశాం. ఆ బండిలో ఎక్కేది మన ఇల్లాలు, మన మనవలు.

ఇవాళ ఇంటికి వెళ్ళాక బండి పుస్తకం తీసి, ప్లగ్గు మార్చవలసిన కిలోమీటరు ఒక చీటీ మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఆ అంకె వచ్చినరోజు ప్లగ్గు బాగుందా లేదా అని చూడకండి, మార్చేయండి. నేను చూశాను, బాగానే ఉందనుకున్నాను. ఆ తరవాత ఏమైందో మీకు చెప్పాను.

 క్షేమంగా ఊరెళ్ళి, క్షేమంగా రండి. జైహింద్.