ఇరవైనాలుగు గంటల నొప్పి
(ఫర్వానియాలో జరిగిన తెలుగువారి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మా తాత విశాఖపట్నం జిల్లానుండి మలయా తోటలకు వెళ్ళిన మనిషి. నేను మూడవ తరం వాణ్ణి. తెలుగు వ్రాయటం సాయంత్రపు తరగతిలో నేర్చుకున్నాను. ఇప్పుడు ఇక్కడి పిల్లలచేత దిద్దిస్తున్నాను. తప్పులుంటే మన్నించండి. నేను డాక్టరును కాను, బడిపంతులును. అయినా ఈ సంగతి చెప్పక తప్పదు.

అపెండిసైటిస్‌కు మనవాళ్ళు పెట్టిన పేరు 'ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి'. గడియారం చూడమనే హెచ్చరిక ఆ పేరులోనే ఉంది. తరచుగా నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగుతుంది. అన్నం సయించదు. వాంతి, కొద్దిపాటి జ్వరం రావచ్చు.

కొన్నేళ్ళ క్రితం మా మేడలో ఉండే డ్రైవరు కుర్రవాడు, కడప వైపు వాడు, ఇటువంటి నొప్పితోనే నావద్దకు వచ్చాడు. "ఆపరేషనంటే నెల దినాలు పని పోతాది సార్, ఇంటికి డబ్బులు ఎట్ల పంపేది?" అన్నాడు. నేను వాయువనుకొని వాము నీళ్ళిచ్చి పంపాను. మరునాటి రాత్రికి అపెండిక్స్ పగిలింది. పొట్ట పెద్దగా కోసి చీము కడగవలసి వచ్చింది. బ్రతికాడు. కాని ఏ నెల రోజులకు భయపడ్డాడో, అంతకు మించి మంచాన ఉన్నాడు. ఆ వాము నీళ్ళు నేను మరచిపోలేదు.

అతని భయం పాతకాలపు భయం. మెక్‌బర్నీ అనే అమెరికా సర్జన్ 1894లో వివరించిన కోతే చాలాకాలం అందరికీ దారి. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే స్త్రీల వైద్యుడు పొట్ట పెద్దగా కోయకుండానే అపెండిక్స్ తీశారు. అప్పట్లో సర్జన్లలో పెద్దలు మండిపడ్డారు. నేడది లోకంలో మామూలు పద్ధతి.

మత్తిచ్చి, బొడ్డు దగ్గర చిన్న గాటు పెడతారు. లోపల చోటు కావాలి గదా, అందుకని కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బిస్తారు. సన్నని గొట్టంతో కెమెరా పంపి తెరమీద చూస్తారు. సాధారణంగా మరి రెండు గాట్లుంటాయి. ఒక్కొక్కటి అర సెంటీమీటరు నుండి ఒక సెంటీమీటరు వరకు, అంతే. వాటిగుండా పనిముట్లు పంపి, అపెండిక్స్ మొదలు కట్టి, కోసి, చిన్న సంచిలో పెట్టి బయటికి తీస్తారు. పగలక ముందే చేస్తే చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరతారు.

గాటు చిన్నదయింది గాని, గడువు పెరగలేదు. పగిలి లోపల అతుక్కుపోతే, చిన్న గాట్లతో మొదలుపెట్టినా పెద్ద కోతకు మారవలసి రావచ్చు. కొందరికి మందులతో తగ్గించే పద్ధతీ ఉంది. అది డాక్టరు పరీక్షించి చెప్పాలి, నావంటి పంతులు కాదు.

అందుకే మా తరగతిలో ఒక పాఠం పెట్టాను: నొప్పి ఎప్పుడు మొదలైంది? ఎక్కడ? ఇప్పుడు ఎక్కడికి దిగింది? పిల్లలు వీటిని తెలుగులోనూ, అరబ్బీలోనూ, ఇంగ్లీషులోనూ చెప్పగలరు.

మీ గదిలో ఎవరైనా పొట్ట పట్టుకొని ముడుచుకుంటే విరేచనాల మందు వద్దు, కాపడం వద్దు, వాము నీళ్ళు వద్దు. 112కు ఫోను చేయండి, లేదా ఆసుపత్రికి తీసుకుపోండి. భాష వచ్చినవారు తోడు వెళ్ళండి.

సెలవు.