సి.డి. ట్రాన్స్‌పోర్టును ఎన్నుకొనుట

మా యింటి బీరువాలో మూడువందలకు పైబడి సి.డీలు ఉన్నవి. వానిలో సగము నేడును ఎక్కడనో ఒకచోట దొరకవచ్చును. తక్కినవి దొరకవు. ఆకాశవాణి తన భాండారమునుండి వెలువరించిన కచేరీలు, ఎన్నడో మూతపడిన చిన్న కంపెనీలు తెచ్చిన హరికథలు, పద్యనాటకములు, మా తాతగారు పాడిన మేలుకొలుపులను పాత టేపునుండి ఎక్కించి యింటనే చేసికొన్న సి.డి.-ఆర్‌లు నాలుగు - ఇవి ఆ కోవలోనివి. పళ్లెములు చెక్కుచెదరలేదు, వానిని చదువు యంత్రమే చెడిపోయినది. ఎంతో వెలపోసి తెచ్చిన ఆ ట్రాన్స్‌పోర్టు ఒకనాటి ఉదయమున పళ్లెమును లోనికి తీసికొని, కొంతసేపు గురగురలాడి, లోపల డిస్కు లేదని తెరమీద చూపినది. బాగుచేయువాడు మూత విప్పి చూచి, "లెన్సు పోయిందండీ" అని ఒక్కమాట అనెను. ఆ లెన్సు తయారగుట ఎప్పుడో ఆగిపోయినదని అమ్మినవారు చల్లగా సెలవిచ్చిరి. మరియొక యంత్రమునకై వెదకునపుడు మేము తెలిసికొన్న సంగతులు అట్టి కొనుగోలు తలపెట్టిన గృహస్థులకు ఉపకరించునేమో యని యిక్కడ విన్నవించుచున్నాము.

ట్రాన్స్‌పోర్టు అనగా సి.డి. ప్లేయరులో సగభాగము. మామూలు ప్లేయరు పళ్లెము మీది అంకెలను చదువుటయు, వానిని ధ్వనిగా మార్చుటయు రెండును తానే చేయును. జపానులో 1982 అక్టోబరు 1వ తేదీన విడుదలయైన సోనీ వారి సి.డి.పి.-101 అట్టిదే. ట్రాన్స్‌పోర్టు మాత్రము చదివి ఊరకుండును. చదివిన అంకెలను తీగద్వారా మరియొక పెట్టెకు అప్పగించును. ఆ రెండవ పెట్టెకు డాక్ అని పేరు. ధ్వని పుట్టునది అక్కడ.

చదువుట తేలిక పని యని తలంపరాదు. పళ్లెము వెడల్పు 12 సెంటీమీటర్లు. అందు కంటికి కానరాని గుంటలు లోపలినుండి అంచువైపునకు చుట్టలు చుట్టుకొనుచు పోవును. నిండు పళ్లెము మీది ఆ చుట్టను సాగదీసినచో 5 కిలోమీటర్లు దాటును. వరుసకును వరుసకును నడుమ ఎడము 1.6 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో 625వ వంతు. ఆ వరుసను 780 నానోమీటర్ల లేజరు కిరణము తప్పిపోక వెంబడింపవలెను. లోపలి వరుసలను చదువునపుడు పళ్లెము నిమిషమునకు సుమారు 500 చుట్లును, అంచును చేరునప్పటికి సుమారు 200 చుట్లును తిరుగును. పళ్లెము రవంత వంకరయైనచో చిన్న కటకమొకటి తీగచుట్టల నడుమ పైకిని క్రిందికిని ఊగుచు చూపు నిలుపుకొనవలెను. గంటల తరబడి, ఏండ్ల తరబడి ఈ పని చేయు అవయవమునే బాగుచేయువారు లెన్సు అందురు. అరిగిపోవునది అదియే.

గీతలు పడినచోట అంకెలు పోవా యని అడుగవచ్చును. పోవును. ఈ సంగతి ఎరిగియే ఫిలిప్స్, సోనీ సంస్థలవారు రీడ్-సోలమన్ అను గణితవిధానమును పెట్టిరి. అంకెలను చెదరగొట్టి, వానికి సాక్ష్యముగా మరికొన్ని అంకెలను చేర్చి పళ్లెముపై వ్రాయింతురు. వరుసవెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర పోయినను, పోయినదానిని ఉన్నదున్నట్లు తిరిగి కట్టవచ్చును. కనుక శుభ్రమైన పళ్లెమునుండి చవుక యంత్రము పంపునవియు, లక్షల యంత్రము పంపునవియు ఒకే అంకెలు. క్షణమునకు 44,100 మారులు, మారునకు 16 బిట్లు, ఎడమకొకటి కుడికొకటి. ఈ మాట అంగడివారికి రుచింపదు. మా యంత్రము అంకెలను ఎక్కువ చక్కగా చదువునని వారు చెప్పినపుడు నవ్వి ఊరకుండవలెను.

మరి భేదమెచ్చట? కాలములో. స్వరము తప్పకపోయినను లయ కదలినచో పాట చెడును గదా! ట్రాన్స్‌పోర్టునుండి డాక్‌నకు పోవు తీగలో అంకెలును, వాని కాలమును కలిసియే ప్రయాణము చేయును. ఆ కాలములోని వణకునకే జిట్టరు అని పేరు. వెనుకటి డాక్‌లు వచ్చిన కాలమునే నమ్ముకొని నడచెడివి. వానికి ట్రాన్స్‌పోర్టు గుణము పట్టింపే. ఇప్పటి మంచి డాక్‌లు పెక్కు వచ్చిన అంకెలను ఒక్క రెప్పపాటు నిలిపి, తమ గడియారమునుబట్టి విడిచిపెట్టును. మా డాక్ అట్టిది. స్నేహితుని యింటినుండి తెచ్చిన ఖరీదైన యంత్రమును, ఎరువు తెచ్చిన చవుక ప్లేయరును దానికి తగిలించి, మా యింటివారు తీగలు మార్చుచుండగా మేము కన్నులు మూసికొని వింటిమి. పది మారులలో ఏది ఏదియో నమ్మకముగా చెప్పజాలమైతిమి. ఆ స్నేహితుని పాత డాక్‌తో విన్నప్పుడు మృదంగపు చాపులో ఏదో తేడా ఉన్నట్లు తోచినది. అదియును పందెము కాయదగినంత కాదు. కాబట్టి ముందుగా డాక్ సంగతి తేల్చుకొనవలెను. మిగిలిన సొమ్ము స్పీకర్లకు పోయినచో ఇంకను మేలు. ట్రాన్స్‌పోర్టు వంతు చివరిది.

అట్లయిన గొప్ప యంత్రములకు అర్థము లేదా? ఉన్నది, కాని అది కట్టుబడిలో ఉన్నది. ఎసోటెరిక్ వారి వి.ఆర్.డి.ఎస్. యంత్రములో పళ్లెము తనంత వెడల్పు గల చక్రమునకు గట్టిగా అదిమిపెట్టబడి, వంకర తీరి తిరుగును. జపాను దేశపు సి.ఇ.సి. వారు గ్రామఫోను పద్ధతిని పట్టతో త్రిప్పుదురు. చూచుటకు ముచ్చటయే. అయితే వెల అడుగుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: దీనిలోని లెన్సు నేడు తయారగుచున్నదా? ఫిలిప్స్ వారి సి.డి.ఎం.-4, సి.డి.-ప్రో2 అను పేరుపడ్డ యంత్రాంగములు తయారగుట ఆగిపోయినవి. వానిని వాడిన యంత్రములకు పాత నిలువలే దిక్కు. పూర్వము ఫిలిప్స్‌లో పనిచేసిన ఇంజనీర్లు వియన్నాలో నెలకొల్పిన స్ట్రీమ్ అన్‌లిమిటెడ్ సంస్థ సి.డి.-ప్రో 8 అను క్రొత్త యంత్రాంగమును చేసినది. ప్రో-జెక్ట్ వారి సి.డి. బాక్స్ ఆర్.ఎస్.2 టి. లో ఉన్నది అదియే. పేరు ఏదైనను, విడిలెన్సు ఎక్కడ దొరకునో, ఎవరు వేయుదురో అంగడివాడు చెప్పలేనిచో ఆ యంత్రమును అక్కడనే విడిచిరావలెను.

పైమూత తీసి పళ్లెమును చేతితో అమర్చునవి కదలు భాగములు తక్కువగా ఉండి మన్నును. కాని పైన జానెడు చోటు కావలెను, అదుముబిళ్ల ఎక్కడనో పడిపోవును. సొరుగువానిలో రబ్బరు పట్ట సడలును గాని అది చవుకగా మారును. సందులోనికి లాగుకొను రకము మాకు గిట్టదు. దుమ్ము గల యిండ్లలో పళ్లెమునకు గీత పడునను భయము.

జపాను స్వదేశపు వాడుకకై చేసిన పాత యంత్రములు చవుకగా వచ్చుననియు మోజుపడువారున్నారు. అవి 100 వోల్టులవి. మన 230 వోల్టులకు నేరుగా తగిలించిరా, లెన్సు వరకు పోనక్కరలేదు. తీగ విషయమున 75 ఓముల మామూలు కోయాక్సియల్ తీగ చాలును. స్పీకర్లలో గూయిమని హోరు వచ్చుచున్నచో కాంతితీగ వాడినయెడల ఆ త్రోవ మూసికొనును, దానిలో విద్యుత్తు పారదు గనుక.

అంగడికి పోవునపుడు మీ చెడ్డ పళ్లెములనే వెంటగొని పొండు. వారి మెరయు పళ్లెము ప్రతి యంత్రములోను పాడును. గీతలు పడినదొకటి, 74 నిమిషములు నిండినదొకటి, రాగము, తానము, పల్లవి వేరువేరు భాగములుగా ఉన్నను నడుమ తెగని కచేరీ ఒకటి, యింట చేసిన సి.డి.-ఆర్ ఒకటి చేతనుండవలెను. సి.డి.-ఆర్ కాంతిని అచ్చుపళ్లెమంత బాగుగా తిప్పికొట్టదు. కొన్ని పాత లెన్సులు దానిని చూచి మొగము త్రిప్పుకొనును. దొరకని పళ్లెములను ముందుగా కంప్యూటరులోనికి ఎక్కించి, రెండుచోట్ల దాచవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పని ముగించియే మేము బయలుదేరితిమి. అయినను పళ్లెము తీసి, అట్టమీది అక్షరములు చదువుకొనుచు గంటసేపు కదలక వినుట మాకు అలవాటైపోయినది.

ఆ అంగడిలో అన్నింటికంటె ప్రియమైన పెట్టె మా తాతగారి సి.డి.-ఆర్‌ను మూడుమారులు వెలుపలికి నెట్టివేసినది. దాని వెలలో అయిదవ వంతు గల సొరుగు యంత్రము రెండు క్షణములు తడుముకొని చదివినది. తాతగారు దగ్గి, గొంతు సవరించుకొని, ఎత్తుకొనిరి. అంగడివాడు శబ్దము తగ్గింపబోగా వలదంటిమి. యంత్రముతోపాటు విడిలెన్సు ఒకటి కూడ కొని, తేదీ వ్రాసి, బీరువాలో ఆ నాలుగు సి.డీల ప్రక్కనే పెట్టినాము.