దుఃఖం ఈమాన్ లోపమా?



మన కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు, మనసు చెదిరిన బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులను మేము ఏళ్లుగా చూస్తున్నాం. దువా చేయండి, వద్దనం. కాని నిద్ర పట్టక, అన్నం ముట్టక కుములుతున్న కుర్రవాణ్ణి "నమాజు మానావు, అందుకే ఈ గతి" అని నిందించడం న్యాయమా? యూసుఫ్ కోసం దుఃఖించి యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలామ్) కన్నులు తెల్లబడ్డాయని ఖుర్ఆనే చెబుతున్నది. ఆయనకు ఈమాన్ తక్కువైందా?

నమాజుతో పాటు వైద్యమూ కావాలి. వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధే. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరెత్తితే సంబంధాలు తప్పిపోతాయని (ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో) దాచేవారు ఎందరో! రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే ఆదేశిస్తున్నది. ముందుగా 14416కు ఫోన్ చేయండి. ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ నంబరును మసీదు బోర్డుపై నమాజు వేళల పక్కనే రాయించాలని కమిటీ పెద్దలను కోరుతున్నాం.