షాటో డీకెమ్ ద్రాక్షతోట చరిత్రము
(జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతపు రైతులకై యుపన్యాసము)



ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమునకు ఆగ్నేయముగా సోటెర్న్ అను గ్రామము కలదు. అచ్చట నొక మిట్టమీద షాటో డీకెమ్ అను ద్రాక్షతోట యున్నది. సాగుభూమి సుమారు 250 ఎకరములు మాత్రమే. ఆ తోటనుండి వచ్చు తీపి ద్రాక్షాసవము మిక్కిలి వెలగలది. పానమును ప్రశంసించుట ఇచ్చటి యుద్దేశము గాదు. ఆ సేద్యపు క్రమమే మెట్ట రైతులు విచారింపదగినది.

1593వ సంవత్సరమున సోవాజ్ వంశమువారు ఈ భూమిని కౌలుహక్కుతో పొంది, 1711లో పూర్తి హక్కుదారులైరి. 1785లో ఆ యింటి యాడుబిడ్డ జోసెఫీన్‌ను లూర్ సాలూస్ వంశీయుడు వివాహమాడెను. 1788లోనే యామె వితంతువయ్యెను. ఫ్రెంచి విప్లవకాలమున చెరసాల పాలయ్యును భూమిని వదలక, దీర్ఘకాలము స్వయముగా నిర్వహించి, 1826లో సరకు నిలువచేయు కొట్టును కట్టించెను. 1855 నాటి తరగతుల నిర్ణయమున సోటెర్న్ తోటలలో దీనికొక్కదానికే సర్వోన్నతస్థానము లభించెను.

ఆ భూమి పైన గులకయు, అడుగున నీటిని పట్టియుంచు బంకమన్నును గలది. వేళ్లు కుళ్లకుండుటకై 19వ శతాబ్దమున భూమిలోపల సుమారు 100 కిలోమీటర్ల పొడవున మురుగుగొట్టములు పరచిరి. మునేరు, పాలేరు పరిసరముల నల్లరేగడిలో వాననీరు నిలిచి పత్తియు, మిరపయు ఎఱ్ఱబారుట ఎఱిగినవారికి దీని ప్రయోజనము వేఱుగ చెప్పవలసినది లేదు.

శరత్కాలపు మంచువలన పండ్లకొక జాతి బూజు పట్టును. అది రసమును చిక్కబఱచి తీపిని హెచ్చించును. ఈ గుణము ఆ బూజునకును, ఆ ద్రాక్షకును మాత్రమే చెల్లును. మిరపకు బూజు విషప్రాయము. కల్లమున బాగుగ నెండింపనిచో సరకు చెడును.

డీకెమ్‌లో పంట నొకేసారి కోయరు. పక్వమైన పండ్లనే యేఱుచు పలుమాఱులు తోట తిరుగుదురు. ఒక్కొక్క తీగకు దక్కునది ఒక గ్లాసెడు మాత్రమే! అంతకంటె విశేషమేమన, గుణము చాలని యేట తమ పేరిట సరకు బొత్తిగా విడువరు. 1972, 1974, 1992, 2012 సంవత్సరములలో నట్లే చేసిరి. ఏడాది రాబడిని వదలుకొనిరి గాని పేరును వదలుకొనలేదు.

అయినను, భూమి కాపాడిన వంశమును భాగస్థుల వివాదము విడదీసెను. వాటాదారులలో కొందఱు తమ భాగములను విక్రయింపగా, 1999లో తోట ఎల్.వి.ఎమ్.హెచ్. అను వర్తకసంస్థ వశమయ్యెను. నాలుగువందల యేండ్ల యాజమాన్యము ఇంటి కలహమున ముగిసెను.

కావున రైతులు గ్రహింపవలసిన దేమనగా: వానకాలమునకు ముందే మురుగుకాలువలు త్రవ్వుకొనవలెను. మిరపకోతలో తాలుకాయలను, పత్తితీతలో గుడ్డిపత్తిని వేఱుచేయవలెను. మంచి సరకులో చెడ్డది కలిపినచో తూకము పెరుగును గాని ధర తఱుగును. మఱుసటి యేడు కొనువాడు ఆ బస్తాను నమ్మడు. అన్నదమ్ములు పొలమును పంచుకొనుటకు ముందు, కలసి సాగుచేయు మార్గమును శాంతముగ నాలోచింపవలెను. భూమి యిచ్చునది పంట. పేరు సంపాదించునది రైతు.