ఇనుప స్తంభమును శార్దూలవృత్తమును



వైశాలిలోని తెలుగు ఇండ్లలో ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడినంతనే ఒక తగవు మొదలగును. పిల్లలు సైన్సు తీసికొనవలెనా, కామర్సా, హ్యుమానిటీసా? తండ్రి ఒకటి చెప్పును. తల్లి మరియొకటి తలచును. రాజమండ్రి నుండి తాతగారు ఫోనులో మూడవది సెలవిత్తురు. చరిత్రయందు మక్కువగల బాలిక, మార్కులు బాగుగ వచ్చినవన్న ఒక్క కారణముచే సైన్సులో చేరును. లెక్కలలో చురుకైన బాలుడు పద్యముతో తనకిక పని లేదని ఆ దినమే తీర్మానించుకొనును. పదునైదేండ్లకే విద్యలో సగమునకు తలుపు మూతపడుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును నడుమ కఠినమైన అడ్డుగోడ ఉండరాదని చెప్పియే యున్నది. విధానపత్రమునకును దాని అమలునకును నడుమ ఎంత దూరముండునో ఈ సభలో కూర్చున్నవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

కార్యాలయములో ఒక ఫైలు ఆర్థికశాఖకు పోవును, న్యాయశాఖకు పోవును, మరల వచ్చును. శాఖలు అనేకమైనను విషయము ఒక్కటే. బడిలోని శాఖలును అట్టివే. కాని అచ్చట ఫైలు తిరుగదు. ఏ శాఖలో పడినది ఆ శాఖలోనే ఉండిపోవును.

ఈ గోడలను లక్ష్యపెట్టని తెలుగువాడు ఒకడు ఉండెను. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1877లో కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించగా, అక్కగారైన బండారు అచ్చమాంబ అత్తవారింట మరాఠీ నాట పెరిగి, నాగపురమున చదువుకొనిరి. వైశాలి పిల్లలవలెనే ఆయనయు తెలుగు నేలకు దూరముగ పెరిగినవాడే యన్నమాట. తమ్ముని పాఠములు వినుచు అక్కగారు తానును చదువు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథమును రచించిరి. ఒక బాలుని పుస్తకములతో ఇద్దరు విద్వాంసులు తయారైన ఇల్లది.

ఆయన 1906లో మిత్రులతో గూడి హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. అది తరువాత చెన్నపురికి తరలినది. మండలి తొలి పుస్తకము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. ఆ వెనుక చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వచ్చెను. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రము వ్రాసిరి. వేమూరి విశ్వనాథశర్మగారు రసాయనశాస్త్రమును, కట్టమంచి రామలింగారెడ్డిగారు అర్థశాస్త్రమును తెలుగు చేసిరి. చారిత్రక నవలలకు పోటీలును పెట్టిరి. ఆ గ్రంథమాలను తెప్పించుకొనిన గృహస్థుని ఇంట లింకనును, రసాయనశాస్త్రమును, నవలయును ఒకే బీరువాలో చేరెను. ఏది ఎవరు చదువవలెనని ఆ బీరువా అడుగలేదు.

అంతటితో తృప్తి లేక పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టిరి. మూడు సంపుటములు వెలువడియు అకారము దాటకముందే 1923 జూలైలో ఆయన కన్నుమూసిరి. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మరల చేపట్టిరి గాని, అదియు తుదముట్టలేదు. తరువాత 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి తన విజ్ఞాన సర్వస్వమును విషయముల వారీగ విభజించి ప్రచురించెను. చరిత్రకొక సంపుటము, భౌతిక రసాయనములకొకటి, ఈ రీతిగ. వెదుకువానికి ఇది సుకరము, సందేహము లేదు. ఐనను పిల్లలకు పాత పద్ధతియే మేలేమో! అకారాది క్రమమున అణువునకు కొన్ని పుటల ఎడముననే అద్వైతము వచ్చును. ఒకదానికై పుస్తకము తెరచిన బాలుడు రెండవదానిపై చూపు పడకుండ మూయలేడు.

ఒక్క మాటలో ఎన్ని పాఠములు ఇమిడి యుండునో చూడుడు. ఆక్సిజనునకు తెలుగున రెండు పేర్లు గలవు. ఒకటి ప్రాణవాయువు; అది చేయు పనిని బట్టి పెట్టినది. రెండవది ఆమ్లజని, అనగా ఆమ్లమును పుట్టించునది. గ్రీకు మాటలతో లావోయిజరు కల్పించిన నామమునకు ఇది సరియైన అనువాదము. ఆమ్లములన్నిటను ఈ వాయువు ఉండునని ఆ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నమ్మెను. అది పొరపాటు. హైడ్రోక్లోరికామ్లమున ఆమ్లజని లేదని 1810లో డేవీ నిరూపించెను. సిద్ధాంతము పోయినను పేరు నిలిచినది. ఆ పేరుతో పాటు పొరపాటును తెలుగులోనికి భద్రముగ దిగుమతియైనది! ఇక లావోయిజరు ఏమయ్యెను? రాజుగారికి పన్నులు వసూలు చేయు గుత్త సంస్థలో భాగస్వామి యగుటచే, 1794లో ఫ్రెంచి విప్లవకారులు ఆయనకు శిరచ్ఛేదము విధించిరి. రసాయనమున మొదలైన బాలుడు వ్యుత్పత్తి మీదుగ చరిత్ర గుమ్మములో నిలిచినాడు.

వైశాలి అను పేరును ఇట్టిదే. ప్రాచీన వైశాలి ఉత్తర బీహారున లిచ్ఛవుల నగరము; కౌశాంబి ప్రయాగకు సమీపమున వత్సరాజుల రాజధాని. వందల మైళ్ల దూరమున నున్న ఆ రెంటిని ఘజియాబాదులో ఒక్క మెట్రో స్టేషను ఎడమునకు తెచ్చిరి. బుద్ధ నిర్వాణమునకు నూరేండ్ల తరువాత రెండవ బౌద్ధ సంగీతి వైశాలిలో జరిగినది. భిక్షువు కొమ్ములో ఉప్పు దాచుకొనవచ్చునా అనునది అచ్చట వివాదగ్రస్తమైన పది విషయములలో ఒకటి. ఆ వివాదమునుండియే మహాసాంఘికులు చీలిరని సింహళ సంప్రదాయము. ఆంధ్రదేశమున వెలసిన పూర్వశైల, అపరశైల శాఖలు వారివే.

బడిలో తెలుగు లేదు కదా, ఇవన్నియు చెప్పునదెవరు? 1948లో దుర్గాబాయమ్మగారు నెలకొల్పిన ఆంధ్ర విద్యాసంఘపు ప్రధాన పాఠశాల యమున కావల దీనదయాళ్ ఉపాధ్యాయ మార్గమున నున్నది. ఇందరు పిల్లలు దినదినము అంతదూరము పోజాలరు. కావున ఈ భారము తలిదండ్రులదే. అందులకు పెద్ద ఏర్పాటు లేమియు అక్కరలేదు. ఒక ఆదివారము వైశాలిలో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌకున మారి, కుతుబ్ మీనారు స్టేషనున దిగినచో చాలును. అచ్చటి ప్రాంగణమున 7 మీటర్లకు మించిన ఎత్తును 6 టన్నులకు మించిన బరువును గల ఇనుప స్తంభము నిలిచియున్నది.

దానిపై గుప్తుల కాలపు బ్రాహ్మీలిపిలో మూడు సంస్కృత శ్లోకములు చెక్కబడి యున్నవి. చంద్రుడను రాజు వంగదేశమున శత్రువుల నోడించెననియు, సింధువు ఏడు ముఖములను దాటి బాహ్లికులను జయించెననియు, విష్ణుపదగిరిపై విష్ణువునకు ఈ ధ్వజము నెత్తెననియు వాని సారాంశము. రెండవ చంద్రగుప్తుడే ఈ చంద్రుడని పండితులలో పెక్కుర అభిప్రాయము. శ్లోకముల వృత్తము శార్దూలవిక్రీడితము. మ స జ స త త గ అని తెలుగు పద్యముతో పరిచయమున్న ఏ తాతగారైనను గణములు గుర్తించి చూపగలరు. లిపి రాకున్నను, ప్రక్కనున్నవారు చదివి వినిపించిన చాలును.

ఇక సైన్సు బాలిక వంతు. పదునారు శతాబ్దముల వానలో ఈ ఇనుము తుప్పుపట్టి ఏల పోలేదు? ఢిల్లీ గాలి పొడియగుట కొంత కారణము. అసలు గుట్టు భాస్వరములో నున్నది. నాటి కమ్మరులు బొగ్గుతో ముడిఖనిజమును కరగించక, ఘనరూపముననే ఇనుమును రాబట్టి, ముద్దలను కాచి కొట్టి అతికిరి. సున్నము వేయకపోవుటచే ఖనిజములోని భాస్వరము ఇనుముననే నిలిచిపోయినది. తడియును ఎండయును మాటిమాటికి తగులగా ఆ భాస్వరమే లోహముపై ఒక పలుచని పొరను పుట్టించి, లోని ఇనుమును కాపాడుచున్నది. కాన్పూరు ఐ.ఐ.టి.లో లోహశాస్త్రాచార్యులైన ఆర్. బాలసుబ్రహ్మణ్యముగారు ఈ సంగతిని విశదపరచిరి. ఆయన తుప్పును పరీక్షించుటతో ఆగలేదు. గుప్తుల బంగారు నాణెములను శాసనముతో పోల్చి చూచిరి. శాసనమునందలి విష్ణుపదగిరి మధ్యప్రదేశమున విదిశ చెంతనున్న ఉదయగిరియేనని, స్తంభము మొదట అచ్చటనే నిలిచినదని వాదించిరి.