నీళ్ల నివేదికలో రాసే మాట



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది రేపటినుంచి నీళ్ల పరీక్షల నివేదికలు రాస్తారు. హోసూరు, కృష్ణగిరి వైపు పెరిగినవాళ్లకు ఫ్లోరైడ్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? రాతి పొరల్లోంచి బోరునీళ్లలోకి దిగి పిల్లల పళ్లకు గార పట్టిస్తుంది, పెద్దల నడుము వంచేస్తుంది. ఈ జబ్బు గురించి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే వైద్యులు రాశారు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు హొగేనకల్ కావేరి నీళ్ల పథకం ప్రారంభమైంది 2013లో. ఊరూరా చేసిన పరీక్షల లెక్కలు లేకపోతే అలాంటి పథకాలు కాగితం మీదికే రావు. కాబట్టి చదివేవాళ్లను ఒప్పించేలా రాయడం తప్పని నేననను. అది మీ పని.

అయితే ఒప్పించే తొందరలో ఏం వదిలేస్తున్నామో చూసుకోవాలి. మన భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడే 1.5 దాకా ఒప్పుకుంటారు. 1.4 వచ్చిన నీళ్లను 'సురక్షితం' అని రాసేస్తే సగం నియమం మింగేసినట్టే. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ ఫ్లోరైడ్ తగ్గించడానికి రూపొందించిన నల్గొండ పద్ధతినే తీసుకోండి. బకెట్ నీళ్లలో సున్నం, పటిక కలిపి, తేరేదాకా ఆగి, పైనీళ్లు వంచుకుంటారు. పనిచేస్తుంది. కానీ పటిక మోతాదు ఆ నీళ్ల ఫ్లోరైడ్‌నీ క్షారతనీ బట్టి మారాలి. అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నదీ చూసుకోవాలి. 'చవకైన పరిష్కారం' అనే రెండు మాటల్లో ఇవేవీ కనిపించవు.

ఉన్నదాన్ని పెంచి రాసే ఈ ఆర్భాటం మన ఒక్కరిదే కాదు. వైద్య పరిశోధనల సారాంశాల్లో 'అపూర్వం', 'వినూత్నం' లాంటి పొగడ్త మాటలున్నవి 1970లలో 2 శాతమైతే, 2014 నాటికి 17.5 శాతమయ్యాయని డచ్ పరిశోధకులు లెక్కగట్టారు. విజ్ఞానం అంత వేగంగా గొప్పదైపోయిందంటే నేను నమ్మను.

మళ్లీ మన నీళ్ల దగ్గరికే వద్దాం. ఒక ఊళ్లో పది బోర్లున్నాయనుకోండి. ఫ్లోరైడ్ తొమ్మిదింటిలో 0.8, ఒకదానిలో 4. సగటు 1.12. ఆ ఒక్క సంఖ్యే రాస్తే అందులో అబద్ధమేమీ లేదు, కానీ పదో బోరు దగ్గర బిందె పెట్టే తల్లికి అన్యాయం జరిగిపోయింది. ఆ 4ను మొదటి పేరాలోనే పెట్టండి. అక్కడ మాత్రం మెత్తగా రాయకండి. ఈ నీళ్లు తాగడానికి పనికిరావు, ఆ వీధికి వెంటనే వేరే నీళ్లివ్వాలి అని, పంచాయతీలో ఎవరు చదివినా అర్థమయ్యేలా రాయండి.